మసాయి మారా, సెరెంగెటీ, క్రూగర్: మీ సఫారీకి ఏది సరిపోతుంది?

ఆఫ్రికా సఫారీ మాట రాగానే అందరూ అడిగేది ఒకటే: "ఎక్కడికెళ్తే అన్నీ కనిపిస్తాయి?" నేనైతే ఆ ప్రశ్నను పక్కన పెట్టి వేరే మూడు అడుగుతాను. ఏ జంతువును చూడాలని మీకు మనసులో ఉంది? ఏ నెలలో సెలవు దొరుకుతుంది? ఒకేచోట ఎన్ని రాత్రులు ఉండగలరు? వీటికి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం చోట్లు వాటంతటవే జాబితాలోంచి జారిపోతాయి.

ట్రావెల్ ఏజెంట్లు ముందుగా చూపించేది "బిగ్ ఫైవ్": సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, కేప్ బఫెలో. ఈ లెక్క కట్టింది వేటగాళ్లు. కాలినడకన వేటాడటానికి ప్రమాదకరమైనవని ఈ అయిదింటినీ ఒక గుంపుగా చెప్పుకున్నారు. చూడముచ్చటకూ ఈ జాబితాకూ సంబంధం లేదు. చీతా ఇందులో లేదు. జిరాఫీ లేదు. మన రేచుకుక్కలకు దూరపు చుట్టమైన మచ్చల అడవికుక్క లేదు. పచ్చికలో చీతా తన పిల్లలకు వేట నేర్పుతుంటే గంటసేపు చూసినవాళ్లు, అయిదు పేర్లకూ టిక్కు పెట్టుకుని వచ్చినవాళ్ల కంటే ఎక్కువే చూశారని నా నమ్మకం.

తడోబాకో, అమ్రాబాద్ అడవిలో ఫరహాబాద్ సఫారీకో వెళ్లినవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మన అడవులు దట్టం. పులి కనిపిస్తుందా లేదా అన్నదే అక్కడ ఉత్కంఠ. తూర్పు ఆఫ్రికా పచ్చిక మైదానాల్లో మొదటి గంటలోనే జీబ్రాలు, జిరాఫీలు, జింకల మందలు కంటినిండా కనిపిస్తాయి. అక్కడ ఆలోచించాల్సింది ఎంత దగ్గర నుంచి, ఎంతసేపు, చుట్టూ ఎన్ని బళ్ల మధ్య చూస్తామన్నది. చోటును బట్టి బాగా మారేది ఇదే. ప్యాకేజీ కాగితంలో కనపడనిదీ ఇదే.

ముందు సెలవు, తర్వాత చోటు

మన పిల్లలకు పెద్ద సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. కెన్యా, టాంజానియాలకు ఏప్రిల్, మే నెలలు పెద్ద వానల కాలం. గడ్డి ఏపుగా పెరిగి పిల్లి జాతి జంతువులను దాచేస్తుంది, మట్టిదారుల్లో బళ్లు దిగబడతాయి, కొన్ని క్యాంపులు మూసే ఉంటాయి. ధరలు తగ్గేది కూడా అప్పుడే, అందుకే "సమ్మర్ స్పెషల్" పేరుతో ఆ నెలల్లోనే అమ్ముతారు. ఆకాశం మబ్బులతో, నేల పచ్చగా ఫొటోలకు బాగుంటుంది, జనం కూడా పలచగా ఉంటారు. ఇది తెలిసి వెళ్తే ఫర్వాలేదు. సినిమాల్లో చూసిన ఎండు మైదానాన్ని ఊహించుకుని వెళ్తే నిరాశే.

అదే మే చివర, జూన్ మొదట్లో దక్షిణాఫ్రికాలో శీతాకాలం మొదలవుతుంది. అక్కడి క్రూగర్ ప్రాంతంలో చలికాలమంటే వానలేని కాలం. ఆకు రాలుతుంది, గడ్డి పలచబడుతుంది, జంతువులు నీళ్ల కోసం నదుల దగ్గరికి, చెరువుల దగ్గరికి చేరతాయి. అందుకే వేసవి సెలవులు తప్ప మరో దారి లేని కుటుంబాలకు నేను రెండో ఆలోచన లేకుండా క్రూగర్ అంటాను. స్వెటర్లు, మంకీక్యాపులు తప్పనిసరి. తెల్లవారుజామున టాపులేని బండిలో వెళ్తే చలి ఎముకల్లోకి దిగుతుంది.

దసరా సెలవులు వచ్చే సెప్టెంబర్, అక్టోబర్ నెలలు దాదాపు అన్నిచోట్లా మంచివి. కెన్యాలోని మసాయి మారాలో వైల్డ్‌బీస్టులు (పెద్ద మందలుగా తిరిగే జింకజాతి జంతువులు) ఇంకా ఉంటాయి, క్రూగర్, నమీబియాలోని ఎటోషా బాగా ఎండి ఉంటాయి. అక్టోబర్‌కల్లా దక్షిణాన ఎండ మాత్రం గట్టిగానే కాస్తుంది. సంక్రాంతికి పది రోజులు కుదిరితే టాంజానియాలోని దక్షిణ సెరెంగెటీ వైపు చూడండి, సెలవును జనవరి చివరికో ఫిబ్రవరికో జరుపుకోగలిగితే ఇంకా మంచిది. ఎందుకో కింద చెబుతాను.

మారానా, సెరెంగెటీనా?

నిజానికి ఇవి రెండూ ఒకే మైదానం. మధ్యలో దేశాల సరిహద్దు గీత ఉంది, అంతే. జంతువులకు ఆ గీత లేదు. కెన్యా వైపున్న మసాయి మారా జాతీయ రిజర్వు సుమారు 1,510 చదరపు కిలోమీటర్లు. టాంజానియా వైపున్న సెరెంగెటీ జాతీయ పార్కు 14,763 చదరపు కిలోమీటర్లు, అంటే దానికి దాదాపు పదింతలు.

వైల్డ్‌బీస్టుల వలస మొత్తం ఈ రెండింటి మధ్యే తిరుగుతుంది. వాటి సంఖ్య పది లక్షలు దాటుతుందని చాలాకాలంగా చెబుతున్న లెక్క. వాటితోపాటు జీబ్రాలు, థామ్సన్ గజెల్ జింకలు లక్షల్లో కదులుతాయి. ఈ వలసకు మొదలూ చివరా లేవు. వానలను, లేత గడ్డిని వెతుక్కుంటూ ఏడాది పొడవునా గడియారం ముల్లు తిరిగే దిశలో సాగుతూనే ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా దక్షిణాన ఎన్డూటూ చుట్టుపక్కల పొట్టి గడ్డి మైదానాల్లో ఉంటాయి. పాత అగ్నిపర్వతాల బూడిద కలిసిన నేల అది. ఖనిజాలు దండిగా ఉన్న ఆ గడ్డి పాలిచ్చే తల్లులకు బలం. అందుకే ఈనేది అక్కడే. ఫిబ్రవరి ప్రాంతంలో రెండు మూడు వారాల్లోనే అత్యధిక దూడలు పుడతాయి, పుట్టిన కొద్ది నిమిషాలకే లేచి తల్లి వెంట నడుస్తాయి. సింహాలు, చీతాలు, హైనాలు కాచుకుని ఉండేదీ అప్పుడే. మందలు మే, జూన్‌లలో పడమటి వైపు గ్రుమేటి నది మీదుగా వెళ్లి, జులై నుంచి అక్టోబర్ దాకా ఉత్తర సెరెంగెటీ, మారాల మధ్య అటూ ఇటూ తిరుగుతాయి. నవంబర్‌లో చిన్న వానలు పడగానే మళ్లీ దక్షిణానికి మళ్లుతాయి.

మొసళ్ల మధ్య నుంచి నది దాటే దృశ్యం కోసమే చాలామంది వెళ్తారు కాబట్టి రెండు మాటలు స్పష్టంగా చెప్పాలి. మొదటిది, మారా నది రెండు దేశాల్లోనూ పారుతుంది. టాంజానియా వైపు కోగటెండే దగ్గర కూడా మందలు దాటుతాయి, మారా రిజర్వు కంటే అక్కడ జనం తక్కువ. రెండోది, అది ఏ రోజు, ఏ గంటకు జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. వేల మంద ఒడ్డుకు వచ్చి, గంటలకొద్దీ నిలబడి, ఏదో ఉలికిపాటుకు వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. "గ్యారంటీగా చూపిస్తాం" అన్నవాళ్లను నమ్మకండి. నది దగ్గర్లో కనీసం మూడు, కుదిరితే నాలుగు రాత్రులు ఉండగలిగితేనే దానికోసం వెళ్లండి. ఒక్క రాత్రి ఉండి దాటడం చూసొస్తామనుకుంటే అది పూర్తిగా అదృష్టం మీద వేసిన భారం.

వలస లేని నెలల్లో మారా బోసిపోతుందన్నది అపోహ. అక్కడ ఏడాదంతా ఉండే జీబ్రాలు, టోపి, ఇంపాలా అనే జాతుల జింకలు చాలానే ఉన్నాయి. వాటిని నమ్ముకున్న సింహాలు, చిరుతపులులు, చీతాలు ఎటూ పోవు. చిన్న చోటు కాబట్టి తక్కువ రోజుల్లోనే ఎక్కువ చూడొచ్చు. నైరోబీ నుంచి రోడ్డు మీద అయిదారు గంటలు, విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో ముప్పావుగంట. ఆ చిన్న విమానాల్లో సాధారణంగా 15 కిలోల మెత్తని సంచి మాత్రమే ఒప్పుకుంటారు, చక్రాల గట్టి సూట్‌కేసు నైరోబీలోనే వదలాలి.

సెరెంగెటీకి టాంజానియా పట్టణం అరూషా నుంచి రోడ్డు మీద దాదాపు ఒక పగలంతా పడుతుంది. కానీ దారిలో ఎన్‌గొరొంగొరో ఉంది. కూలిపోయిన పాత అగ్నిపర్వతం నోటిలో 260 చదరపు కిలోమీటర్ల మైదానం, చుట్టూ 600 మీటర్ల ఎత్తు గోడ. నల్ల ఖడ్గమృగాన్ని చూసే అవకాశం తూర్పు ఆఫ్రికాలో బాగున్న చోట్లలో ఇదొకటి. జిరాఫీలు మాత్రం కింద ఉండవు. నిటారు గోడ దిగలేకపోవడం, వాటికి కావలసిన తుమ్మజాతి చెట్లు అడుగున తక్కువగా ఉండటం అందుకు కారణాలుగా చెబుతారు. ఎన్‌గొరొంగొరోకు ఒక రోజు చాలు. సెరెంగెటీ మధ్యభాగం సెరొనెరాలో కొప్యే అనే నల్లరాతి గుట్టల మీద సింహాలు, ఏటిగట్టు చెట్ల కొమ్మల మీద చిరుతపులులు దొరుకుతాయి. కంటికి ఆనినంత దూరం ఒక్క బండి కూడా కనపడని మైదానం మారాలో కష్టం, ఇక్కడ దొరుకుతుంది.

నా సలహా: అయిదారు రోజులే ఉంటే మారా ఒక్కటే. ఎనిమిది రోజులు దాటితే సెరెంగెటీ, ఎన్‌గొరొంగొరో కలిపి. ఒక వారంలో రెండు దేశాలూ చుట్టేద్దామనే ప్లాను మాత్రం మానుకోండి. మ్యాపులో పక్కపక్కనే ఉన్నా, మారా నుంచి సెరెంగెటీలోకి పర్యాటకులకు నేరుగా దారి లేదు. ఇసెబానియా సరిహద్దు దాకా చుట్టూ తిరిగి వెళ్లాలి, ఒక రోజంతా రోడ్డు పాలే.

రిజర్వు లోపలా, పక్కనున్న కన్సర్వెన్సీలోనా?

మారా ఎంచుకున్నవాళ్లకు అసలైన నిర్ణయం ఇదే. దీని గురించి మన దగ్గర పెద్దగా చెప్పరు.

రిజర్వును ఆనుకుని ఉత్తరాన, తూర్పున మారా నార్త్, ఓలారే మొటోరోగి, నబోయిషో వంటి కన్సర్వెన్సీలు ఉన్నాయి. ఇవి అక్కడి పశువుల కాపరి తెగ అయిన మసాయి కుటుంబాల సొంత భూములు. పక్కపక్కన ఉన్న భూముల్ని కలిపి క్యాంపులకు కౌలుకిస్తారు, క్యాంపులు ఆ కుటుంబాలకు నెలనెలా అద్దె కడతాయి. ఇన్ని ఎకరాలకు ఇన్నే పడకలని పరిమితి. బస చేసినవాళ్ల బళ్లు తప్ప వేరేవి లోపలికి రావు. దారి దిగి జంతువు దగ్గరికి వెళ్లొచ్చు, రాత్రి సఫారీ ఉంటుంది, మసాయి గైడుతో కాలినడకన తిరగొచ్చు. రిజర్వు లోపల ఈ మూడూ కుదరవు.

రిజర్వులో ఉన్నదేమిటంటే నది. దాటే దృశ్యం కావాలంటే అక్కడికే వెళ్లాలి. అయితే జులై, ఆగస్టు నెలల్లో ఒడ్డున పదుల కొద్దీ బళ్లు గుమికూడతాయి. వేటజంతువు దగ్గర ఒకేసారి అయిదు బళ్లకు మించకూడదని నియమం ఉంది, రద్దీ రోజుల్లో అది నిలవదు. ఇది మన చూపుకు అడ్డమన్న ఒక్క సమస్యే కాదు. చీతా పగటిపూట వేటాడుతుంది, దానికి దూరం దాకా కనబడాలి, పరుగుకు చోటు కావాలి. మారాలో చేసి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పర్యాటకుల బళ్లు తక్కువగా తిరిగేచోట తల్లి చీతా ఈతకు సగటున 2.3 పిల్లలను పెంచి పెద్ద చేస్తే, బళ్లు బాగా ఎక్కువున్నచోట అది 0.2కు పడిపోయింది. మనం ప్రేమించి చూడటానికి వెళ్లే జంతువు మన బళ్ల వల్లే పిల్లల్ని కోల్పోతోందన్నమాట. చోటు ఎంచుకునేటప్పుడు ఈ సంగతికి నేను గట్టి విలువ ఇస్తాను, మీరూ ఇవ్వాలని కోరుకుంటాను.

ఖర్చు సంగతి. రిజర్వు ప్రవేశ రుసుము విదేశీ పెద్దలకు 2024 నుంచి జనవరి–జూన్‌లో రోజుకు 100 డాలర్లు, జులై–డిసెంబర్‌లో 200 డాలర్లు. టికెట్టు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు చెల్లుతుంది. గేటు బయటి చవక హోటల్లో దిగి రోజూ లోపలికి వెళ్తే, హోటల్లో మిగిలింది టికెట్టుకే పోతుంది. కన్సర్వెన్సీ క్యాంపుల ధర పైకి ఎక్కువగా కనిపిస్తుంది, కానీ చాలావాటిలో భోజనం, సఫారీలు, కన్సర్వెన్సీ రుసుము కలిసే ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి కూడితే తేడా అనుకున్నంత ఉండదు. కన్సర్వెన్సీలో మూడు నాలుగు రాత్రులు ఉండి, ఒక రోజు మాత్రం రిజర్వు టికెట్టు కొని నది దగ్గర గడపడం నాకు అన్నిటికంటే నచ్చే పద్ధతి.

క్రూగర్: సొంత స్టీరింగా, ప్రైవేటు రిజర్వా?

క్రూగర్ 1926లో జాతీయ పార్కు అయింది. దాదాపు 19,500 చదరపు కిలోమీటర్లు, ఉత్తరం నుంచి దక్షిణానికి 350 కిలోమీటర్ల పొడవు. ఇక్కడి ప్రత్యేకత: కారు అద్దెకు తీసుకుని మనమే నడుపుకుంటూ సింహాలను వెతుక్కోవచ్చు. మనలాగే అక్కడా బండి ఎడమవైపే. ముఖ్యమైన దారులు తారు రోడ్లు, మామూలు కారు చాలు. తారు మీద 50, మట్టిదారి మీద 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు, అసలు 25 దాటితేనే సగం జంతువులు కంటికి ఆనవు. గుర్తులు పెట్టిన చోట్ల తప్ప కారు దిగకూడదు. గేట్లు మూసేలోపు క్యాంపు చేరకపోతే జరిమానా.

కంచె వేసిన విశ్రాంతి క్యాంపుల్లో వంటగది ఉన్న కుటీరాలు దొరుకుతాయి. ఇంటిల్లిపాదీ వెళ్లేవాళ్లకు, శాకాహారులకు ఇది పెద్ద ఊరట: బియ్యం, పప్పు దారిలో సూపర్‌మార్కెట్లో కొనుక్కుని వండుకోవచ్చు. స్కుకుజా క్యాంపు నుంచి లోయర్ సాబీ క్యాంపు దాకా నది వెంట వెళ్లే హెచ్ 4-1 రోడ్డు చిరుతపులులకు, సతారా క్యాంపు దగ్గరి ఎస్ 100 మట్టిదారి సింహాలకు పేరుమోసినవి. పెద్ద క్యాంపుల్లో ఏ జంతువు ఎక్కడ కనిపించిందో రంగుల గుర్తులతో చూపే పటం ఉంటుంది. అందులో ఖడ్గమృగం ఉండదు. కొమ్ముల కోసం దొంగవేటగాళ్లు వాటిని విపరీతంగా చంపేశారు, ఎక్కడ తిరుగుతున్నాయో బయటపెట్టకుండా ఉండటానికే అలా. మీరు చూసినా ఫొటోను చోటు పేరుతో నెట్‌లో పెట్టకండి.

క్రూగర్‌ను ఆనుకుని పడమటి వైపు సాబీ శాండ్ అనే ప్రైవేటు రిజర్వు. మధ్యలోని కంచె 1993లో తీసేశారు కాబట్టి జంతువులు అవే, తేడా అంతా చూసే తీరులో. బండి ముందు అంచున ప్రత్యేక సీటులో జాడలు పట్టే మనిషి కూర్చుంటాడు. మట్టిలో అడుగు చూసి, జింక అరుపు విని, చిరుతపులి ఎటు వెళ్లిందో చెబుతాడు. బండి పొదల్లోకి దిగుతుంది, చీకటి పడ్డాక కూడా తిరుగుతుంది, ఒక జంతువు దగ్గర రెండు మూడు బళ్లకు మించి ఉంచరు. చిరుతపులిని దగ్గరగా, తీరుబడిగా చూడాలన్న కోరిక ఉంటే ప్రపంచంలో దీన్ని మించిన చోటు అరుదు. ధర మాత్రం గుండె పట్టుకునేలా ఉంటుంది.

అందుకే రెండూ కలపమంటాను. క్రూగర్‌లో సొంతంగా నాలుగు రాత్రులు, చివర్లో ప్రైవేటు రిజర్వులో రెండు రాత్రులు. ఈ వరస తిరగేయొద్దు. ముందే నిపుణుడి చేతిలో పడితే, తర్వాత మనంతట మనం వెతుక్కోవడం చప్పగా అనిపిస్తుంది. ముందు మనమే వెతికి కళ్లు అలవాటు పడ్డాక, ఆ జాడ పట్టే మనిషి చేస్తున్నదేమిటో నిజంగా అర్థమవుతుంది.

దక్షిణాఫ్రికాలో డర్బన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు 19వ శతాబ్దంలో చెరకు తోటల కూలీలుగా వెళ్లి స్థిరపడ్డారు. అక్కడ చుట్టాలున్నవాళ్లకు మూడు గంటల దూరంలో హ్లుహ్లువే–ఇంఫొలోజి అనే పార్కు ఉంది. ఒకప్పుడు అంతరించిపోబోయిన దక్షిణాది తెల్ల ఖడ్గమృగం ప్రాణం నిలుపుకున్నది ఇక్కడే, ఇక్కడి నుంచే 1960లలో ఇతర చోట్లకు తరలించారు. ఖడ్గమృగమే మీ కోరికైతే క్రూగర్ కంటే ఇదే ముందు.

మరికొన్ని, క్లుప్తంగా

నమీబియాలోని ఎటోషా ఓపిక ఉన్నవాళ్ల చోటు. తెల్లని ఉప్పు మైదానం అంచున నీటి మడుగులు, వాటి దగ్గర కారు ఆపి కూర్చుంటే జంతువులే వస్తాయి. ఒకుకుయేజో క్యాంపులో మడుగుకు రాత్రంతా దీపాలుంటాయి, నల్ల ఖడ్గమృగాలు అక్కడికే నీళ్లకు వస్తాయి. కేప్ బఫెలో, నీటిగుర్రం ఇక్కడ లేవు. బోట్స్వానాలోని చోబే ఏనుగులకు. వానలేని కాలంలో నది మీద పడవలో కూర్చుని మందలు ఈదడం చూడొచ్చు. జాంబియాలోని సౌత్ లువాంగ్వా కాలినడక సఫారీలకు పుట్టిల్లు, రాత్రి సఫారీల్లో చిరుతపులులకు పెట్టింది పేరు, చిన్నపిల్లలతో మాత్రం వద్దు. కెన్యాలోని అంబోసెలి 392 చదరపు కిలోమీటర్లే, కిలిమంజారో నేపథ్యంలో పెద్ద దంతాల ఏనుగులకు రెండు రాత్రులు ఇవ్వొచ్చు.

ఆరోగ్యం, కాగితాలు

కెన్యా వెళ్లొచ్చేవాళ్లకు పచ్చజ్వరం (యెల్లో ఫీవర్) టీకా కార్డు ఉండి తీరాలి. లేకపోతే తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం ఉంది. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది కాబట్టి చివరి నిమిషానికి పెట్టుకోవద్దు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. దక్షిణాఫ్రికాకు నైరోబీ, ఆడిస్ అబాబా మీదుగా విమానం మారేవాళ్లు కూడా ఈ నియమాలు చూసుకోవాలి. గల్ఫ్ మీదుగా వెళ్తే ఆ తలనొప్పి ఉండదు.

మారా, సెరెంగెటీ, క్రూగర్ మూడింట్లోనూ మలేరియా ఉంది. మాత్రలు డాక్టరును అడిగే వాడాలి. చంటిపిల్లలు, గర్భిణులు ఉంటే దక్షిణాఫ్రికాలో మలేరియా లేని పిలానెస్‌బర్గ్ పార్కు మంచి దారి. జొహానెస్‌బర్గ్ నుంచి మూడు గంటల లోపే, బిగ్ ఫైవ్ అన్నీ అక్కడా ఉన్నాయి.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

బండిలో ఎంతమంది, ప్రతి ఒక్కరికీ కిటికీ సీటు ఉంటుందా? పార్కు రుసుము ధరలో కలిసిందా, ఏ నెల రేటుతో? బస పార్కు లోపలా, గేటుకు ఎంత దూరం? రోజుకు రోడ్డు మీద ఎన్ని గంటలు? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఏడు రోజుల్లో నైరోబీ, అంబోసెలి, నైవాషా, నకూరు, మారా అని రాసిన ప్యాకేజీ చూడటానికి నిండుగా ఉంటుంది. లెక్క వేస్తే సగం పగళ్లు హైవే మీదే గడుస్తాయి, జంతువులు చురుగ్గా ఉండే తెల్లవారుజాములు, సాయంత్రాలు ప్రయాణాలకే పోతాయి. అదే ధరకు రెండు చోట్లే అడగండి, చాలామంది ఆపరేటర్లు మార్చి ఇస్తారు.

నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే, హోటల్ స్థాయి ఒక మెట్టు తగ్గించుకునైనా సరే, బండి మొత్తం మీకే మాట్లాడుకోండి. పడుకున్న సింహం లేచేదాకా ఉందామా, పోదామా అన్నది అప్పుడు మీ చేతిలో ఉంటుంది. తెలియని ఆరుగురితో పంచుకున్న బండిలో ఎవరో ఒకరికి విసుగు పుడుతుంది, బండి కదులుతుంది. మొదటి ఉదయం బయల్దేరేముందే గైడుకు ఒక మాట చెప్పండి: రేడియోలో ఏదో కబురు వచ్చిందని ప్రతిసారీ పరుగెత్తనక్కర్లేదు, ఒకచోట గంట ఆగినా మాకు ఇష్టమే అని. పర్యాటకులు తొందరపెడతారేమోనన్న భయంతోనే చాలామంది గైడ్లు పరుగులు తీస్తారు.